నాలుగు వేల నూట పన్నెండో రోజు

తల్గాత్‌ని చంపడానికి వచ్చినవాళ్ళు తలుపు తట్టి, గుమ్మంలో బూట్లు విప్పి, చాయ్ తాగి మరీ చంపారు.

కర్నల్ ఒమర్‌బెకోవ్ ఫోటోలు ఒక్కొక్కటే బల్లమీద పెట్టాడు. ఆల్మటీలో ఒక పాత ఫ్లాటు, వంటగది. రెండు చాయ్ గిన్నెలు, పళ్ళెం నిండా నూనెలో వేయించిన పిండి బౌర్సాకులు, తెరిచి ఉన్న ల్యాప్‌టాప్, దాని పక్కన తల వాల్చి కునుకు తీస్తున్నట్టున్న నలభయ్యేళ్ళ మనిషి.

"గుండెపోటా?" అన్నాడు కెప్టెన్ దౌరెన్.

"ఇంట్లోవాళ్ళకి అదే చెప్పాం. చాయ్‌లో కలిపారు."

"ఎవరితను?"

"బళ్ళో లెక్కలు చెప్పేవాడు. తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని కుమ్‌గాన్ అని ఓ చిన్న ప్రోగ్రామ్ రాశాడు. హీటింగ్ స్టేషన్లలో ఏ పంపు ఎప్పుడు తిరగాలో చెప్పేది అదే. ఓపెన్ సోర్స్. పైసా తీసుకోకుండా పంచిపెట్టాడు. పన్నెండు ఊళ్ళు చలికాలం దాని మీదే బతుకుతున్నాయి. ఇతనికి దక్కింది మాత్రం తిట్లు. అది పనిచెయ్యట్లేదు, ఇది ఎప్పుడు బాగుచేస్తావ్ అని పదిహేనేళ్ళపాటు మెయిలింగ్ లిస్టులో అందరూ తలోమాటా అన్నారు. విసిగిపోయి రెండు నెలల కింద ప్రాజెక్టు తాళాలు ఒక సహాయకుడి చేతిలో పెట్టాడు. ఆన్‌లైన్ పేరు తుల్పర్. ముఖం ఎవరూ చూడలేదు."

"చాయ్ తాగింది ఆ తుల్పరేనా?"

"అంతే అయుండాలి. సరిహద్దు అవతలి ముఠా మనిషి. తుల్పర్ విడుదల చేసిన కొత్త వెర్షన్‌లో విషం ఉంది. ఎలా లేస్తుందో మనవాళ్ళకి ఇంకా అంతుపట్టలేదు. ఒక్క ఊరు గడ్డకట్టిపోతే చాలు, మిగతా పదకొండూ హడలిపోయి వాళ్ళు చూపించిన కంపెనీ కాళ్ళమీద పడతాయి. మనకి చిక్కిన సందేశంలో ఆ ఊరి పేరుంది, రోజు కూడా ఉంది. కారాజోల్. శుక్రవారం."

శుక్రవారం కారాజోల్‌లో మైనస్ నలభై ఒకటి ఉంటుందని వాతావరణ శాఖ అప్పటికే చెప్పింది. దౌరెన్ పుట్టిన ఊరది. స్టేషన్ మూడు గంటలు ఆగితే గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి పగిలిపోతాయని, ఒకసారి పగిలాయంటే వసంతం వచ్చేదాకా తొంభై వేల మందికి వెచ్చదనం ఉండదని అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. మొన్న ఆదివారమే అతని చెల్లెలు కూన్‌సులు అక్కడి ప్రసూతి ఆసుపత్రిలో ఆడపిల్లని కన్నది.

"కొత్త సిస్టమ్ అడ్మిన్‌గా చేరతావ్," అన్నాడు కర్నల్. "వాళ్ళ మధ్య దొరక్కుండా ఉండాలంటే ఒకటే సూత్రం. కోడ్ రాయడానికి ఏ ఎడిటర్ ప్రోగ్రామ్ వాడతావని అడుగుతారు. ఏదో ఒక పేరు చెప్పు. తర్వాత ఆకాశం విరిగి మీద పడ్డా వెనక్కి తగ్గకు. తప్పని తెలిసినా ఒప్పుకోకు. ఆ జాతిలో ఒప్పుకునేవాడు ఉండడు."

పరికరాల విభాగం ఒక నక్కతోలు టోపీ ఇచ్చింది, ముందుభాగంలో రహస్య కెమెరాతో. గదిలోకి రాగానే ఎవరైనా టోపీ తీసి కొక్కేనికి తగిలిస్తారన్న ఆలోచన ఆ విభాగంలో ఎవరికీ వచ్చినట్టు లేదు. కెమెరా నాలుగు రోజులూ గోడనే చిత్రీకరించింది.

కోడ్‌వర్డ్ ఇంకా ఘోరం. 'ఏ లినక్స్ వాడతావ్?' అని అడిగినవాళ్ళకి 'మా తాత కట్టింది' అని జవాబు చెప్పాలి. కంప్యూటర్‌వాళ్ళు ఎవరినైనా మొదట అడిగేదే అది. మొదటిరోజు మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ఆ ప్రశ్న అతన్ని నలుగురు అడిగారు. నలుగురికీ అదే జవాబు చెప్పి, పిచ్చివాడన్న పేరు సంపాదించుకున్నాడు.

స్టేషన్ సర్వర్ గది రౌజా ఆపా రాజ్యం. ఆపా అంటే అక్క. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. భుజాలమీద ఉన్ని శాలువా, మెడలో గొలుసుకి కళ్ళజోడు. గది మధ్యలో ఇనుప చట్రంలో ఒక ముసలి సర్వర్, దాని పేరు నార్. బరువులు మోసే పెద్ద ఒంటె పేరు పెట్టుకుందామె. చట్రానికి తగిలించిన పలకమీద సుద్దతో ఒక అంకె: 4109.

"ఇదేంటి ఆపా?"

"ఆగకుండా నడిచిన రోజులు. పదకొండేళ్ళ పైమాట. ఒక్కసారి రీస్టార్ట్ చెయ్యలేదు. నా పెళ్ళి కూడా ఇన్నాళ్ళు నిలబడలేదు తమ్ముడూ."

"అది సర్వర్ కాదు, సమాధి," అని మూల నుంచి ఒక గొంతు. బూడిదరంగు మీసాలు, నిండా పొడుం మరకలున్న స్వెట్టరు. గెన్నాది, రెండో అడ్మిన్. "మూడు నెలలకోసారి రీస్టార్ట్ చెయ్యని మెషీన్ని నేను మెషీన్ అననే అనను. కొత్త వెర్షన్లన్నీ రూలు ప్రకారం డిస్కులో వేస్తుంది మహాతల్లి. రీస్టార్ట్ చేస్తేగా అవి లేచేది? పెట్టెనిండా కొత్త చొక్కాలు మడతపెట్టి, ఒంటిమీద పదకొండేళ్ళ పాత చొక్కాతో ఊరేగుతోంది."

"ఆ చొక్కా చిరిగిందా? లేదుగా. నోరు ముయ్యి గెనా."

"నీ వాదన తప్పు."

"నీ పుట్టుకే తప్పు."

ఇద్దరూ ఇలా పదేళ్ళుగా పోట్లాడుకుంటున్నారు. ఆపాకి నచ్చిన ఎడిటర్ గెన్నాదికి నచ్చదు. గెన్నాది లినక్స్ ఆపాకి నచ్చదు. అయినా మధ్యాహ్నం ఒకే డబ్బాలోంచి గుర్రపు మాంసం పంచుకు తింటారు. దౌరెన్‌కి మొదటినుంచీ గెన్నాది మీదే అనుమానం. ఆ మెషీన్ని ఎలాగైనా ఆపాలని తాపత్రయపడేవాడు అతనొక్కడే మరి.

ఈ సంగతి అతను జిబెక్‌కి చెప్పాడు.

జిబెక్ రాజధానిలోని సైబర్ విభాగం అధికారి. ఆపరేషన్‌లో అతనికి తోడుగా కర్నలే పంపాడు. తెల్లటి బొచ్చు కోటు, కాళ్ళకి పొడుగు బూట్లు, మెల్లటి గొంతు. ఆమె గదిలోకి వస్తే ముసలి గెన్నాది కూడా మీసాలు సర్దుకున్నాడు. పైకి మాత్రం ఆమె సెక్యూరిటీ కన్సల్టెంటు.

"నువ్వన్నది నిజమే దౌరెన్. నాకూ గెన్నాది మీదే అనుమానం," అందామె స్టేషన్ క్యాంటీన్‌లో. ఆ నాలుగు రోజుల్లో అతను ఏమన్నా ఆమె కాదనలేదు. ఇంతకాలానికి తనని అర్థం చేసుకునే ఆడమనిషి దొరికిందని దౌరెన్ మురిసిపోయాడు. తీరిక దొరికినప్పుడల్లా తుల్పర్ పాత మెయిళ్ళు చదువుతూ కూర్చున్నాడు. ఎనిమిది వందల పైచిలుకు. చదువుతుంటే ఏదో తేడాగా అనిపించింది గాని, ఆ తేడా ఏమిటో పట్టుకోలేకపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం మూడుంపావుకి జిబెక్ ఒక పెన్‌డ్రైవ్ బల్లమీద పెట్టింది. కిటికీ అద్దం లోపలివైపు మంచు పేరుకుని ఉంది. ఎదురుగా ప్రసూతి ఆసుపత్రి దీపాలు మసకగా కనిపిస్తున్నాయి.

"మా ల్యాబు నుంచి ఇప్పుడే వచ్చింది. కుమ్‌గాన్‌కి విరుగుడు. డిస్కులో వేసి మెషీన్ రీస్టార్ట్ చెయ్యాలి. నాలుగింటికి దాడి మొదలవుతుంది."

"నేను చెయ్యను," అంది ఆపా. "అసలు శుక్రవారం సాయంత్రం సర్వర్ మీద చెయ్యి వేసేవాడు అడ్మినేనా? మా నార్ బాగానే ఉంది."

"మొత్తం మెషీన్ ఎందుకు? కుమ్‌గాన్ ఒక్కటీ ఆపి లేపితే పోయె," అన్నాడు దౌరెన్, నేర్చుకున్న పాండిత్యం వాడి.

"కుదరదు," అన్నాడు గెన్నాది. "ఇక్కడ కుమ్‌గాన్ మెషీన్‌తోపాటే లేస్తుంది, మెషీన్‌తోపాటే పడుకుంటుంది. ఆమె చెప్పింది చెయ్యి రౌజా. పదేళ్ళనుంచీ నేను చెబుతున్నదే కదా."

దౌరెన్ కర్నల్‌కి ఫోన్ చేశాడు. "జిబెక్ చెప్పినట్టు చెయ్యి," అన్నాడు కర్నల్, పెట్టేశాడు. దౌరెన్ జేబులోంచి తన అసలు ఉద్యోగపు ఎర్ర గుర్తింపు కార్డు తీసి ఆపా ముందు పెట్టాడు. ఆమె కార్డు వంక, అతని వంక చూసింది. ముఖం చిన్నబోయింది.

"నా చేత్తో నేనే చేస్తాను," అంది చివరికి. "ఒక నిమిషం గడువు పెడతాను. దానితో ఒక్క నిమిషం కూర్చోనివ్వండి."

పెన్‌డ్రైవ్‌లో ఉన్నది డిస్కులో వేసింది. ఆదేశం కొట్టింది. తెరమీద అంకెలు అరవై నుంచి దిగడం మొదలుపెట్టాయి. ఆపా నార్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుంది. దౌరెన్‌కి తను ఎవరినో ఉరితీయిస్తున్నట్టుగా అనిపించింది.

ఊరికే ఉండలేక గెన్నాది జిబెక్ వైపు తిరిగాడు. "అవునూ, నిన్న నువ్వు రౌజా ఎడిటరే గొప్పదన్నావట. దాన్ని కనిపెట్టినవాడికే అందులోంచి బయటికి ఎలా రావాలో తెలీదు. నాది చూశావా ఎప్పుడైనా?"

"మీరన్నది నిజమే," అంది జిబెక్, గడియారం చూసుకుంటూ. "మీదే మంచిది."

గెన్నాది నోరు తెరిచి, అలాగే ఉండిపోయాడు. జవాబు సిద్ధంగా పెట్టుకున్నాడు పాపం, ఎదుటివాళ్ళు ఒప్పుకుంటే ఏం చెయ్యాలో అతనికి తెలియదు.

ముప్ఫై ఒకటి.

మీరన్నది నిజమే. దౌరెన్‌కి తుల్పర్ మెయిళ్ళలో తేడా ఏమిటో అప్పుడు తెలిసింది. ఎనిమిది వందల మెయిళ్ళలో ఒక్క పోట్లాట లేదు. ఎవరేమన్నా ఒకటే మాట, 'మీరన్నది నిజమే'. ఆపాతో అదే, గెన్నాదితో అదే, తనతోనూ అదే. ఆకాశం విరిగి మీద పడ్డా ఒప్పుకోని జాతిలో, అందరితోనూ ఒప్పుకున్న మనిషి ఒక్కతే.

ఇరవై రెండు.

మరి ఈమె తుల్పర్ అయితే, ఈమెకి రీస్టార్ట్ ఎందుకు? పెట్టెలో కొత్త చొక్కా, ఒంటిమీద పాత చొక్కా. విషమంతా డిస్కులో మడతపెట్టి ఉంది. నార్ నడుస్తున్నది పదకొండేళ్ళ కింద తల్గాత్ చేత్తో రాసిన పాత కాపీతో. ఆపా మొండితనం వల్లే ఈ ఊళ్ళో విషం ఇంకా లేవలేదు. దాన్ని లేపబోతున్నది తనే.

తొమ్మిది.

"ఆపా, రద్దు చెయ్యి. విరుగుడు కాదది, విషం."

ఆమె ఎందుకని అడగలేదు. కళ్ళు తెరవకముందే వేళ్ళు కీబోర్డు మీద పడ్డాయి. తెరమీద అంకె రెండు దగ్గర ఆగి, మాయమైంది.

జిబెక్ కేకలు పెట్టలేదు. కోటు జేబులోంచి చిన్న పిస్తోలు తీసి, నార్ వెనకున్న కరెంటు ప్లగ్గు వైపు రెండడుగులు వేసింది. ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టినా రీస్టార్టే కదా. కానీ అక్కడికి గెన్నాది ముందే చేరాడు. ప్లగ్గుకి వీపు ఆనించి, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"తప్పుకో తాతా."

"తప్పుకోను."

పిస్తోలు పేలింది. గెన్నాది భుజం పట్టుకుని కిందకి జారాడు గాని ప్లగ్గు దగ్గర్నుంచి కదల్లేదు. రెండోసారి పేలేలోపు దౌరెన్ ఆమె మణికట్టు విరిచి నేలకి అదిమాడు. నాలుగు రోజులుగా పట్టుకోవాలని ఆశపడిన చెయ్యి అది.

సంకెళ్ళు వేస్తూ అన్నాడు. "తల్గాత్ నిన్ను నమ్మి తలుపు తీశాడు."

"పదిహేనేళ్ళలో అతనితో అవునన్నది నేనొక్కదాన్నే," అంది జిబెక్, అదే మెల్లటి గొంతుతో. "మీలో ఒక్కరు ఒక్కసారి అనుంటే, నాకు తలుపు తీసేవాడు కాడు."

ఆపా కళ్ళజోడు తీసి శాలువాతో తుడిచింది, చాలాసేపు తుడిచింది. మెయిలింగ్ లిస్టులో తల్గాత్‌ని ఆమె తిట్టిన తిట్లు కూడా ఉన్నాయి. దౌరెన్ అవీ చదివాడు. బయట మైనస్ నలభై ఒకటి. గొట్టాల్లో వేడినీళ్ళు గరగరమంటూ పోతూనే ఉన్నాయి. ఎదురుగా ఆసుపత్రి దీపాలు అలాగే వెలుగుతున్నాయి. అందరితోనూ ఒప్పుకోవడమే జిబెక్‌ని పట్టించిందని అతను ఆపాకి చెప్పాడు.

అంబులెన్సు వచ్చేలోపు ఆపా తన శాలువాని గెన్నాది భుజానికి గట్టిగా చుట్టింది. పలకమీద పాత అంకె చెరిపి కొత్తది రాసింది: 4112. గెన్నాది నేలమీంచే దాన్ని చూసి మూలిగాడు.

"సోమవారం ఆ డిస్కు శుభ్రం చేసి దీన్ని రీస్టార్ట్ చేద్దాం రౌజా. నీకోసం తూటా కూడా తిన్నాను. ఇప్పుడైనా నేనే కరెక్టని ఒప్పుకో."

ఆపా సుద్దముక్క జేబులో వేసుకుంది. "ఒప్పుకుంటే ఈ అబ్బాయి నన్ను కూడా అరెస్టు చేస్తాడు."