ఎర్త్ వేశాక

అన్నయ్య పోయాక నాకు ఏడుపు రాలేదు. వదినకీ రాలేదు. ఇద్దరం మొద్దుబారిపోయాం. పొద్దున షాపు తెరవడం, సాయంత్రం మూయడం, అంతే.

పనిముట్ల మీద పేర్లు చెక్కే మిషన్ ఒకటి సొంతంగా తయారుచేస్తుండగా ప్రాణం పోయింది అన్నయ్యకి. స్టీలు రేకు మీద అక్షరాలు కత్తిరించిన అచ్చు పెట్టి, ఉప్పునీళ్ళలో తడిపిన ఫెల్టు గుడ్డ ముక్క ఆనించి కరెంటు పంపితే, అక్షరాలు లోహంలోకి దిగుతాయి. పన్నెండు వోల్టులు చాలు. కానీ మెయిన్ కరెంటుని అంతకి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఇనప పెట్టెకి ఎర్త్ "రేపు వేద్దాంలేరా" అన్నాడు. పెట్టె మీద చెయ్యి వేశాడు. నేను పరుగెత్తి మెయిన్ ఆపేదాకా ఆ చెయ్యి ఊడి రాలేదు.

"అది పూర్తి చేద్దాం. షాపు నిలబడాలంటే అదే దారి" అంది వదిన ఒకరోజు. మా వదిన అనుకుందంటే చేసి తీరాల్సిందే. నాకు మిగిలింది ఆవిడొక్కతే. ఆవిడకి చీమ కుట్టినా నేను తట్టుకోలేను.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. వెనక గదిలో తడిసిన గోడల వాసన. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ బిగించాను. లైను వైరుకి ఫ్యూజు పెట్టాను. పెట్టెకి ఎర్త్ వేసి, ఒకటికి రెండుసార్లు మీటరుతో చూసుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

స్విచ్ ముందు గదిలో, బల్ల వెనక గదిలో. అందుకే మా షాపులో ఒక కట్టుబాటు. స్విచ్ దగ్గరున్నవాళ్ళు అడగాలి, బల్ల దగ్గరున్నవాళ్ళు చెప్పాలి. ఆ తర్వాతే కరెంటు.

వదిన లోపల రేకు మీద షాపు పేరు అచ్చు పరిచి, రేకుకి కరెంటు క్లిప్పు తగిలించి, ఫెల్టు మీద చెక్కముక్క బరువు పెట్టింది.

"వదినా, చెయ్యి తీశావా?"

"తీశా."

స్విచ్ మీద వేలు పెట్టాను.

"తీయలేదు..."

"ఏంటి వదినా, వేళాకోళమా? ఒక మాట మీద ఉండు!"

వదిన గుమ్మంలోకి వచ్చింది. రెండు చేతులూ ఎత్తి చూపించింది. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

ఆవిడ వెనక, ఎవరూ లేని బల్ల దగ్గర్నుంచి...

"ఇంకా... తీయలేదురా..."

అప్పుడైనా నేను భయపడాలి కదా. ఊహూఁ. పాపం, ఇన్నాళ్ళూ అలాగే పట్టుకుని ఉన్నాడా, అనుకున్నాను.

"వెయ్యనా?" గుసగుసగా అడిగాను.

"ఎర్త్ వేశావుగా?"

"వేశా."

"వెయ్యి. ఆయనకి ఈసారి ఏం కాదు."

వేశాను. లోపల ఫెల్టు సుయ్యిమంది. ఉప్పునీళ్ళు కాగిన వాసన. ఫ్యూజు పోలేదు. కాసేపాగి స్విచ్ ఆపాను. ప్లగ్గు పీకి చేత్తో పట్టుకునే లోపలికి వెళ్ళాను.

చెక్కముక్క పక్కకి జరిగి ఉంది. రేకు మీద మా షాపు పేరు పడలేదు. ఐదు వేళ్ళు పడ్డాయి. గీతలతో సహా, లోతుగా.

వదిన తన వేళ్ళు వాటిలో పెట్టింది.

"వెచ్చగా ఉంది" అంది.

కాసేపు చూశాను.

"ఇక చాల్లే. చెయ్యి తియ్యి, వదినా."

తియ్యలేదు. భుజం ఒక్కసారి వెనక్కి గుంజుకుంది. మళ్ళీ గుంజుకుంది.

"వదలడం లేదు..." అంది.

ప్లగ్గు నా చేతిలోనే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం సన్నగా మోగుతోంది.