నవ్వు మొహం బటన్

సీతయ్యను ఎవరో పొద్దున్నే కాల్చేశారు. గంటగంటకూ గోదావరి మట్టం చూసి వైర్‌లెస్‌లో చెప్పడం తప్ప ఎవరి జోలికీ పోని మనిషి. అతని చొక్కా జేబులో ఒక చీటీ దొరికింది: "నది 49 అడుగులు. కంప్యూటర్‌లో 41."

ఆ చీటీని ఏజెంట్ దేవ్‌సింగ్ చేతిలో పెట్టాడు చీఫ్ రామ్‌చందర్. బూర్గంపాడు దాటాక రోడ్డు పక్కన ఆపిన జీపులో ఉన్నారిద్దరూ. బయట వాన దంచుతోంది. టైం మూడున్నర.

"విదేశీ ముఠా పని. ఒడ్డున పల్లంల మన సిగ్నల్ డిపో ఉంది. బాంబు ఖర్చు లేకుండ వరదల ముంచాలని ప్లాన్. మట్టం తక్కువ చూపిస్తే ఎవరూ ఖాళీ చెయ్యరు. డిపోతోపాటు పన్నెండు పల్లెలు పోతయ్."

"ఖమ్మం కలెక్టరాఫీసుకు మనమే ఫోన్ చేసి చెప్తే?"

"మన డిపార్ట్‌మెంట్ ఉన్నట్టే వాళ్ళకు తెల్వదు. వరద కంట్రోల్ రూం నుంచి అయిదింటి షీటు మెయిల్‌ల వస్తేనే లారీలు కదులుతయ్. ఆ కంప్యూటర్ సంగతి చూడు. లోపల మన మనిషే ఉంది, ఉషారాణి. కోడ్ 'మబ్బు పట్టిందా?' జవాబు 'పట్టి వదిలింది.'"

దేవ్‌సింగ్ పల్లెల లిస్టు చూశాడు. ఏడోది వాళ్ళక్క బాలి ఉండే తండా. లిస్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగుంబావుకు కంట్రోల్ రూంలోకి ఒక యూపీఎస్ మెకానిక్ వచ్చాడు. ఖాకీ చొక్కా, జేబులో టెస్టర్, పెట్టుడు మీసం. వానకు మీసం జారుతుంటే దేవ్‌సింగ్ ఒక చెయ్యి దానికే కేటాయించాల్సి వచ్చింది.

"జల్దీ చూడన్నా. కరెంటు పోతే నా పానం పోతది," అన్నాడు ఆపరేటర్ బాబూరావు.

ఎక్సెల్ షీటు తెరిచి ఉంది. పైన టూల్‌బార్ మీద, సేవ్, ప్రింట్ బొమ్మల పక్కన, గుండ్రటి పసుపు మొహం ఒకటి నవ్వుతోంది.

"ఇదేంది?"

"ఉషారాణి మేడం పెట్టింది. టూల్స్‌ల కస్టమైజ్ తెరిచి, గీ మొహాన్ని మౌస్‌తోని పట్టుకొచ్చి బార్ మీద ఇడిచింది. దీనెనక మాక్రో ఉందట, అంటే చిన్న ప్రోగ్రాం. అంకె కొట్టి దీన్ని నొక్కితే రిపోర్టు తయార్."

వైర్‌లెస్‌లో సీతయ్య బదులు వచ్చినతను 52 అన్నాడు. బాబూరావు 52 కొట్టాడు. రిజిస్టర్‌లో రాసుకుంటూ, స్క్రీన్ వైపు సరిగా చూడకుండానే, బటన్‌ను టకటకా రెండుసార్లు నొక్కాడు. దేవ్‌సింగ్ కళ్ళముందే 52 కాస్తా 48 అయింది. 48 కాస్తా 44 అయింది.

"రెండుసార్లు ఎందుకు నొక్కినవ్?"

"ఏదైనా రెండుసార్లే నొక్కాలె గద! ఇన్‌స్టిట్యూట్ల గట్లనే నేర్పిండ్రు."

టూల్‌బార్ బటన్‌కు ఒక్క నొక్కు చాలు. డెస్క్‌టాప్ బొమ్మల దగ్గర నేర్చిన అలవాటును ఈ మహానుభావుడు అన్నిటికీ వాడేస్తున్నాడు. నొక్కినప్పుడల్లా మాక్రో నాలుగడుగులు మింగుతోంది. నాలుగే తగ్గితే ఎవరికీ అనుమానం రాదు. ఎనిమిది తగ్గబట్టే సీతయ్య గుర్తుపట్టాడు, ప్రాణం పోగొట్టుకున్నాడు. బటన్ పెట్టింది మాత్రం 'మన మనిషి'! దేవ్‌సింగ్‌కు ఒళ్ళు మండింది.

"షీటు ఇప్పుడే మెయిల్ కొట్టరాదా?"

"లైను పాస్‌వర్డ్ మేడం కాడనే ఉంటది. అయిదుకు ఆమెనే వస్తది."

"అయితే చాయ్ పట్టుకరాపో. ఇదంత విప్పాలె."

బాబూరావు అటు వెళ్ళగానే దేవ్‌సింగ్ కుర్చీలో కూలబడ్డాడు. ఆల్ట్, ఎఫ్ లెవెన్ నొక్కి, మాక్రోలు రాసే పేజీ తెరిచి గబగబా ఏదో రాశాడు. కస్టమైజ్ తెరిచి, నవ్వు మొహం మీద రైట్ క్లిక్ చేసి మరేదో మార్చాడు. 44 చెరిపి 52 కొట్టాడు.

అయిదుకు నాలుగు నిమిషాలు ఉందనగా ముందు సెంటు వాసన వచ్చింది, వెనక ఉషారాణి వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, వాన చుక్క అంటని షిఫాన్ చీర, ఎర్రటి గోళ్ళు.

"మబ్బు పట్టిందా?" అన్నాడు దేవ్‌సింగ్, ఏమీ తెలియనట్టు.

"పట్టి వదిలింది," అంది తియ్యగా. ఆమె చేతిలోని లిప్‌స్టిక్ గొట్టం అతని గుండెకు గురిపెట్టి ఉంది. "ఇందులో ఒక్కటే తూటా. సీతయ్యకు ఒక్కటే సరిపోయింది. నీ మీసం ఊడుతోంది, పక్కకు జరుగు."

పాస్‌వర్డ్ కొట్టింది. మోడెం కీచుకీచుమంటూ లైను కలిపింది.

"వద్దు మేడం. పల్లెలల్ల జనం ఉన్నరు. మా అక్క ఉన్నది." ఆ మాట నటన కాదు.

"ఈత వచ్చా మీ అక్కకు?"

నవ్వు మొహాన్ని నొక్కింది. ఒక్కసారే. ఆమెకు పని తెలుసు.

52 కదలలేదు. మెయిల్ వెళ్ళిపోయిందని మాత్రం తెర మీద కనిపించింది.

"ఏం చేశావ్?"

"మొహం నీదే. ఎనక మాక్రో నాది. ఉన్న అంకెను ఉన్నట్టే ఖమ్మం పంపుడే దాని పని."

లిప్‌స్టిక్ పేలింది. దేవ్‌సింగ్ వంగాడు, తూటా మానిటర్‌లో దిగింది. అప్పుడే తలుపు తోసిన బాబూరావు, చప్పుడుకు బెదిరి, రెండు గ్లాసుల వేడి చాయ్ ఆమె మీద ఒలకబోశాడు. ఆమె తేరుకునేలోపు దేవ్‌సింగ్ ఆమె చేతులు యూపీఎస్ వైరుతో కట్టేశాడు.

ఆరింటికి పల్లెల్లోకి లారీలు దిగాయి. ఏడింటికి తండా వాకిళ్ళలోకి నీళ్ళొచ్చాయి. అప్పటికి అక్కడ ఒక్క కోడి కూడా లేదు.

ఉషారాణిని ఖమ్మం తీసుకుపోతుండగా, జీపులో ఉన్న దేవ్‌సింగ్‌కు రిలీఫ్ క్యాంపు నుంచి బాలి ఫోన్ చేసింది.

"తమ్మీ, పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటనే లారీ ఎక్కిచ్చిండ్రు. మేకలు, పోరగాండ్లు, అందరం మంచిగనే ఉన్నం. ఎవరో టయానికి రిపోర్టు పంపిండ్రంట, ఎవరు వాళ్ళు?"

తమ్ముడు కరెంటాఫీసులో గుమాస్తా అనే అక్కకు తెలుసు. "ఎవరో ఉషారాణి మేడం అంట అక్కా. ఆమెనే సొంతంగ బటన్ నొక్కి పంపిందట."

"సల్లగుండాలె ఆ తల్లి. కనబడితే నా పేరు చెప్పి దండం పెట్టు."

దేవ్‌సింగ్ ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, సంకెళ్ళతో ఎదురుగా కూర్చున్న ఉషారాణికి బుద్ధిగా రెండు చేతులూ జోడించాడు.