యెఫీమ్ లూకిచ్ ఆవిరిగది

“బర్సుకోవ్ చావకూడదు,” అన్నాడు కల్నల్ జారొవ్. “కనీసం మన దేశంలో చావకూడదు. విమానం సరిహద్దు దాటాక వాడి ఇష్టం, దేవుడి ఇష్టం.”

గూఢచారి విభాగం మేజర్ రోదియోన్ ఉస్తీమొవ్ బల్లకి ఇవతల నిలబడి విన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. మార్చి ఎండకి కిటికీ చూరు నుంచి మంచు కరిగి కారుతోంది.

“తెల్లగూబ ముఠా కదిలింది. జ్యూరిక్‌లో కూర్చుని కాఫీలు తాగే పెద్దమనుషులు. బర్సుకోవ్ తన వాటాలన్నీ వాళ్ల పేరుమీద దాచుకున్నాడు. బతికుంటే వెళ్లి అడుగుతాడు. చస్తే అడిగే దిక్కు లేదు. అదీ మాస్కోలో చచ్చాడంటే, మనమే చంపామని లోకమంతా నమ్ముతుంది.”

“ఎలా చంపుతారు?”

“తెలీదు.”

“ఎప్పుడు?”

“ఈరోజే. మధ్యాహ్నం వాడు విమానం ఎక్కేలోపు. ఇంట్లో మన మనిషి ఇనెస్సా ఉంది, ఆమె చెప్పినట్టు విను. ఏదైనా తేడా కొడితే కోడ్ ‘ఆవిరి పలచబడింది’. గేటు దగ్గర మంచు ఎత్తే కూలీలు మనవాళ్లే.” కల్నల్ ఫైలు మూసి, ఏదో గుర్తొచ్చి నవ్వాడు. “అన్నట్టు, నువ్వు పంపిన ఆఖరి టేపు విన్నాం. ఆ టీచరమ్మ, చక్కెర బస్తా కథ! ఆఫీసంతా కడుపుబ్బ నవ్వుకున్నామయ్యా.”

రోదియోన్ నవ్వలేదు. సెల్యూట్ కొట్టి బయటికొచ్చాడు. మెట్లు దిగుతుంటే చెవులు వేడెక్కాయి. ఆ కథ నవ్వుకోవడానికి చెప్పింది కాదు. చెప్పినవాడు ఏడుస్తూ చెప్పాడు.

పోయిన శరత్కాలం నుంచి రోదియోన్ పేరు ప్రోఖోర్. వృత్తి, బర్సుకోవ్ ఇంటి ఆవిరిస్నానాల గదిలో పనివాడు. గడ్డం పెంచాడు, వీపు కాస్త వంచాడు, బిర్చి కొమ్మల కట్టతో మనిషి ఒళ్లు ఎలా వాయించాలో ఒక ముసలివాడి దగ్గర నేర్చుకున్నాడు. మాస్కోలో పెద్ద మాటలన్నీ ఆవిరిగదిలోనే నడుస్తాయి. ఒంటిమీద నూలుపోగు లేనివాడు మైకు ఎక్కడ దాస్తాడని అందరికీ ధీమా. అందుకే విభాగంవాళ్లు నీళ్లు చల్లే చెక్క గరిటె పిడిలో పెట్టారు. మొదటి మైకు వారం తిరక్కుండా ఉడికిపోయింది. రెండోది నిలబడింది.

బర్సుకోవ్ సంగతి ఆ దేశంలో తెలియనివాళ్లు లేరు. జ్లాతోయార్స్క్ ఊళ్లో లెక్కల మాస్టారుగా ఉండేవాడు. సోవియట్ దేశం కూలి జీతాలు ఆగిపోయాక బడి మానేసి సంతలో జీన్స్ ప్యాంట్లు అమ్మాడు. తరవాత ప్రభుత్వం ఫ్యాక్టరీలని జనానికి పంచుతున్నానంటూ తలా ఒక వోచరు కాగితం చేతిలో పెట్టింది. అది నాలిక్కి రాసుకోవాలో నెత్తికి రాసుకోవాలో ఎవరికీ తెలియలేదు. ఇంట్లో మాత్రం చక్కెర లేదు. బర్సుకోవ్ లారీలతో చక్కెర దించాడు, కాగితాలు ఎత్తుకెళ్లాడు. మంచు కరిగేసరికి ఊరి అల్యూమినియం ఫ్యాక్టరీ ఆయనదైంది. ఆ వెనకే బ్యాంకు, ఫుట్‌బాల్ జట్టు, టీవీ చానల్. ఆ చానల్లో పెద్దలని ఎగతాళి చేస్తూ పాటలు కట్టించాడు. అక్కడితో దశ తిరగబడింది.

ఆ పతనాన్ని రోదియోన్ ఆవిరిగది గోడకున్న మేకుల మీద చూశాడు. వచ్చిన కొత్తలో మేకులన్నిటికీ, ఆవిరి వేడి తలకి తగలకుండా పెట్టుకునే ఉన్ని టోపీలే. మంత్రులవి, జనరళ్లవి, ఒక బిషప్పుది కూడా. ముసుగులు వేసుకున్న పోలీసులు బ్యాంకులో చొరబడ్డ వారం మంత్రుల టోపీలు మాయమయ్యాయి. చానల్ చేజారాక జనరళ్లవి పోయాయి. బిషప్పుకి డాక్టరు వేడి పడదని చెప్పాడట. చివరికి ఒక్క టోపీ మిగిలింది, ఇంటాయనది. అయినా యెఫీమ్ లూకిచ్ బర్సుకోవ్ వారం వారం వచ్చి బల్లమీద బోర్లా పడుకునేవాడు.

“కొట్టరా ప్రోఖోర్, గట్టిగా కొట్టు! అన్నం తినలేదా?”

“మీ వీపు ఓర్చుకుంటుందేమో గానీ, నా చేతులు పోతున్నాయండీ.”

“పోతే పోనీ. ఈ వీపుని వెనకనుంచి పొడిచినవాళ్లే గానీ ఎదురుగా చెప్పి కొట్టినవాడివి నువ్వొక్కడివేరా.”

పోయిన వారం కొట్టొద్దన్నాడు. పక్కన కూర్చోమన్నాడు. నేలకేసి చూస్తూ చెప్పాడు.

“నాకు లెక్కలు నేర్పిన టీచరమ్మ ఉండేది, జినైదా పావ్లొవ్నా. ఆవిడ వోచరు కూడా తీసుకున్నాన్రా. బస్తా చక్కెర ఇచ్చి. దాని విలువేంటో నాకు తెలుసు, ఆవిడకి తెలీదు. లెక్కలు నేర్పింది ఆవిడే, చూశావా! బస్తా నేనే మోసుకెళ్లి వంటింట్లో పెడితే నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది. నువ్వు మంచివాడివి యెఫీమ్, మమ్మల్ని మర్చిపోలేదు అంది. ఆ చలికాలమే పోయింది, రేడియేటర్లు పనిచెయ్యని గదిలో. నేను బండెడు పూలు పంపించాను.” మొహం తువ్వాలులో దాచుకున్నాడు. “మా ఆవిడకి కూడా చెప్పలేదురా ఇది. సిగ్గేసింది.”

రోదియోన్ గరిటెతో కాలే రాళ్లమీద నీళ్లు చల్లాడు. ఆవిరి బుస్సుమంది. కావాలనే ఎక్కువ చల్లాడు, మైకులో మాట వినపడకుండా పోతుందేమోనని. విభాగంవాళ్లది మంచి మైకు, ప్రతి మాటా పట్టింది. రెండు గంటల తరవాత టేపు తీసి పంపించిందీ ఆ చేతులే. దొంగని కనిపెట్టడం ఉద్యోగమే, అందులో తప్పులేదు. ఏడుస్తున్న మనిషి జేబు కొట్టినట్టు ఎందుకనిపించిందో రోదియోన్‌కి ఆ రాత్రంతా అర్థం కాలేదు.

ఇంటికి చేరేసరికి ప్రయాణం హడావుడి మీదుంది. వంటమనిషి క్లావ్దియా క్యాబేజీ కూరి కాల్చిన పిరోష్కీలు మూటగడుతూ కళ్లు తుడుచుకుంటోంది. బర్సుకోవ్ కుటుంబం అప్పటికే విదేశం చేరింది, మిగిలింది ఇంటాయన ఒక్కడే. ఇనెస్సా మెట్లు దిగి వచ్చింది. ఆయన ప్రెస్ సెక్రటరీ. తెల్ల నక్క చర్మం కోటు, ఎర్ర చేతిగ్లవ్స్. ఆమె గేటులోంచి వస్తుంటే కాపలా కుక్క కూడా సర్దుకుని నిలబడేది.

“ప్రోఖోర్, గరిటె ఎక్కడ?” అంది దగ్గరికొచ్చి, మెల్లగా. విభాగం మనుషులు ఒకరినొకరు పలకరించుకునే తీరు అది.

“నీళ్లలో నానుతోంది.”

“మంచిది. ఇల్లంతా నేను చూశాను. ఏమీ లేదు. దారిలోనే ఏదైనా జరగాలి. నువ్వు కారు వెనక రా.”

రోదియోన్ తలూపాడు. వంటింటి కిటికీ, పొయ్యి, కారు అడుగు భాగం తనూ చూశాడు. అంతా శుభ్రం.

యెఫీమ్ లూకిచ్ బొచ్చుకోటు గుండీలు పెట్టుకోకుండానే హాల్లోకి వచ్చాడు. గోడల మీద బొమ్మలు తీసేసినచోట తెల్లటి మరకలున్నాయి. వాటివైపు చూడలేదు.

“రండి, కూర్చుందాం,” అన్నాడు.

ఆ దేశంలో ఎవరూ దూరప్రయాణానికి కూర్చోకుండా బయల్దేరరు. బట్టల్లేని పేదవాడైనా, విమానం ఉన్న కోటీశ్వరుడైనా సామాను పక్కన పెట్టి, మాట్లాడకుండా, కాసేపు కూర్చోవాలి. ఇంట్లో పెద్దవాడు ముందు లేవాలి. యెఫీమ్ లూకిచ్ ఎప్పుడూ కూర్చునేది గుమ్మం పక్కనున్న పాత చెక్కపెట్టె మీద. చలికాలం బూట్లు దాచే పెట్టె.

“మీరు కూర్చోండి,” అంది ఇనెస్సా చిన్న సూట్‌కేసు తీసుకుని. “డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడో లేదో చూసొస్తా.”

“కూర్చోవే పిల్లా, నువ్వూ నాతోనేగా వచ్చేది!”

“ఒక్క క్షణం, యెఫీమ్ లూకిచ్. వచ్చేస్తా.”

ఆయన పెట్టెమీద కూర్చున్నాడు. క్లావ్దియా స్టూలు లాక్కుని శిలువ గుర్తు వేసుకుంది. రోదియోన్ ఇంకో సూట్‌కేసు మీద చతికిలబడ్డాడు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఎదురుగా పెద్ద కిటికీ. అందులోంచి గేటు దాకా కనిపిస్తోంది.

ఇనెస్సా కారు దగ్గర ఆగలేదు. దాన్ని దాటి గేటు పక్కనున్న బల్ల దాకా వెళ్లింది. సూట్‌కేసు మంచులో పెట్టింది. కోటు సర్దుకుని బల్లమీద కూర్చుంది. ఎర్ర గ్లవ్స్ తొడిగిన చేతులు ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని, కదలకుండా.

కాలు నొప్పేమో అనుకున్నాడు రోదియోన్ మొదట. అంతలోనే అర్థమైంది. మాతో వచ్చేదైతే మాతోనే కూర్చోవాలి. ఒంటరిగా కూర్చుందంటే ఒంటరిగా వెళ్తోంది. దూరం వెళ్తోంది, తిరిగి రాదు. మరి మమ్మల్ని ఇక్కడ ఎందుకు కూర్చోబెట్టింది? అతని కళ్లు చెక్కపెట్టె మీద పడ్డాయి. ఇల్లంతా తనే చూశానంది.

“లేవండి!” అన్నాడు.

యెఫీమ్ లూకిచ్ పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. ఈ సమయంలో మాట్లాడితే అరిష్టం. క్లావ్దియా అయితే గుడ్లురిమింది.

బయట ఇనెస్సా లేచింది. చెయ్యి కోటు జేబులోకి వెళ్లింది.

“ఆవిరి పలచబడింది!” రోదియోన్ కోటు గుండీలో దాచిన మైకులోకి అరిచాడు. ఇక ప్రోఖోర్ వంగిన వీపు లేదు. బర్సుకోవ్ చంక కిందినుంచి చెయ్యేసి, విభాగంలో నేర్పిన పట్టుతో బస్తాలా ఎత్తాడు. రెండో చేత్తో క్లావ్దియా చెయ్యి అందుకున్నాడు. వంటింటి గుమ్మం దాటి ముగ్గురూ రాతిపొయ్యి వెనక పడుతుండగా హాలు పేలింది.

దుమ్ము తగ్గాక ముందు వినపడింది క్లావ్దియా తిట్లు. “నా పిరోష్కీలు!” అంటోంది. అందరూ బతికే ఉన్నారు.

గేటు దగ్గర మంచు ఎత్తే కూలీలు ఇనెస్సాని పారలతో చుట్టుముట్టారు. ఎర్ర గ్లవ్ లోంచి చిన్న రిమోట్ లాక్కున్నారు. ఒక పక్క విభాగానికి కబుర్లు చేరవేస్తూ, ఇంకో పక్క తెల్లగూబకి అమ్ముడుపోయిందన్నమాట. రోదియోన్ వచ్చేసరికి ఆమె తల ఎత్తే ఉంది.

“ఎలా కనిపెట్టావ్?”

“కూర్చున్నావుగా.”

ఆమె మొహం మొట్టమొదటిసారి ఎర్రబడింది. ముగ్గురిని చంపబోయినందుకు పడని సిగ్గు దానికి పడింది. “జ్యూరిక్‌లో రెండేళ్లు ట్రైనింగ్ ఇచ్చారు,” అంది. “కూర్చోకుండా బయల్దేరడం మాత్రం నావల్ల కాలేదు. మా అమ్మ చంపేస్తుంది.”

యెఫీమ్ లూకిచ్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. జుట్టు నిండా సున్నం. రోదియోన్ నిటారుగా నడిచి రావడం చూశాడు, గుండీలోకి మాట్లాడటం చూశాడు. లెక్కల మాస్టారు గదా, ఎక్కువసేపు పట్టలేదు.

“అయితే ప్రోఖోర్ అనేవాడు లేడన్నమాట.”

“లేడండి.”

“ప్రాణం కాపాడావు. థాంక్సయ్యా.” మొన్నటిదాకా ఒరే అన్నవాడు అయ్యా అన్నాడు. “అన్నీ విన్నారా మీవాళ్లు?”

“విన్నారు.”

“జినైదా పావ్లొవ్నా సంగతి కూడానా?”

అబద్ధం చెప్పడం రోదియోన్ వృత్తి. అరడజను భాషల్లో చెప్పగలడు. ఆ ఒక్కసారి తల వంచుకున్నాడు.

“నవ్వారా?”

రోదియోన్ చేతులకంటిన సున్నం దులుపుకున్నాడు.

శరత్కాలం నుంచి ఆ మనిషి రోదియోన్ ముందు నూలుపోగు లేకుండా తిరిగాడు. ఒక్కనాడూ మొహమాటపడలేదు. ఇప్పుడు ఆయన బొచ్చుకోటు గుండీలు ఒక్కొక్కటే గొంతు దాకా పెట్టుకున్నాడు. కాలరు కూడా ఎత్తుకున్నాడు. అటు తిరిగి కారెక్కాడు. చెయ్యి కలపలేదు. రోదియోన్ చెయ్యి చాచనూ లేదు. ఏ మొహం పెట్టుకుని చాస్తాడు?

విమానం సరిహద్దు దాటిందని కబురొచ్చేసరికి సాయంత్రం ఎండ ఇంకా పైన్ చెట్ల మీదే ఉంది. కల్నల్ ఫోన్ చేశాడు.

“శభాష్! నీకు మెడల్ రాశాను. ఆవిరిగదికేం కాలేదు గదా?”

“లేదు సార్. నన్ను ఈ పని నుంచి తప్పించండి.”

“ఎందుకయ్యా?”

“సిగ్గుగా ఉంది సార్.”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. “ఫారంలో ఆ కారణానికి గడి లేదు,” అన్నాడు కల్నల్. “సోమవారం ఆ ఇంట్లో కొత్తాయన దిగుతున్నాడు. ఫ్యాక్టరీ కూడా ఆయనకే వచ్చింది. కొమ్మలు నానబెట్టి ఉంచు.”

“ఎవరు సార్ ఆయన?”

“ఆయన కొట్టమన్నప్పుడు గట్టిగా కొట్టు, చాలు,” అన్నాడు కల్నల్. “ఎవరో తెలుసుకోవడం దేనికి? నాలుగేళ్లలో ఆయనా వెళ్లిపోయేవాడే.”