యాడ కట్టినావు?

ధర్మవరంలో శ్రీరంగప్ప సావుకారి పట్టుచీరల అంగడి. మధ్యాన్నం రెండయింటాది. బయట ఎండ మండిపోతాంది. కింద పరుపుల మీద చీరలు పరిచి పద్మజక్క బేరం చేస్తాంది. నేను నిచ్చెన మీద, నడుము దాకా ఫాల్స్ సీలింగ్ లోపల, కేబుల్ కడతాండా.

సీలింగ్ పైన ఎప్పుడూ రాత్రే. మీద స్లాబ్, కింద పలకలు, నడమ రెండడుగుల చీకటి. పలకల్ని మోసేదానికి స్లాబ్ నుంచి సన్న కంబీలు దిగుతాయి. అవి పలకల్ని మోస్తే చాలు. కేబుల్ బరువు వాటి మీద ఎయ్యకూడదు. కేబుల్‌కు హుక్కులు వేరే కొట్టల్ల, స్లాబ్‌కే. అది రూలు. పాలిటెక్నిక్ రెండో ఏడాది మానేసినోన్ని, నాకూ తెలుసు.

తెలిసే పోయినేడు తప్పు చేసినా. ఇదే అంగట్లో.

నాకు పని నేర్పినోడు బయ్యన్న, పద్మజక్క మొగుడు. మగ్గాల ఇంట్లో పుట్టినోడు. మగ్గం మీద తెగిన పోగును అతికినట్ల, కేబుల్‌కు గూడా దారం నోట్లో తడిపి ముడేసేటోడు. ఆ దినం అన్న లేనప్పుడు సావుకారి వచ్చి, "డ్రిల్లు పెడితే దుమ్ము లేస్తాదప్పా. చీరలు పాడైతాయి. ఆ కంబీలకే కట్టేయ్" అన్యాడు. నేనూ మగ్గాల ఇంటోన్నే. ఏలాడే దారం కనపడితే చెయ్యి ఊరికే ఉండదు. కట్టేసినా.

సాయంత్రం అన్న వచ్చి అడిగినాడు. "యాడ కట్టినావు?"

"స్లాబ్‌కే అన్నా."

నమ్మినాడు. కింద నిలబడి ఇంగో కేబుల్ లాగినాడు. సీలింగ్ మొత్తం అన్న మీద కూలిపాయ. అన్న ఆడే పానం ఇడిసినాడు.

తాగి పని చేసినాడని సావుకారి ఊరంతా చెప్పినాడు. అక్క ఆ మాట మింగి, కడుపు కోసం ఆ అంగట్లోనే పనికి చేరింది. నేను నోరు మూసుకున్యా.

ఇప్పుడు కొత్త సీలింగ్. సావుకారిది మళ్లీ అదే మాట. నిన్న సగం కంబీలకే కట్టినా...

కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగినాయి. కింద మాటలు యాడో దూరంగా పోయినట్లయ్యె. పైన సిమెంటు వాసన, ఎలకల వాసన. వాటి నడమ నస్యం వాసన. ఆ అంగట్లో నస్యం ఎవరికీ అలవాటు లేదు. బయ్యన్నకుండె.

టక్.

కేబుల్‌ను కంబీకి కట్టిన ప్లాస్టిక్ టై తెగిన సద్దు. ఆ సద్దు నా చెవి తప్పదు. ఆ మూల నుంచి... టక్... టక్...

దగ్గరికొస్తాంది.

సెల్లు లైటు ఏసినా. ఎవరూ లేరు. టైలు మాత్రం ఒకటెనక ఒకటి తెగుతాండాయి.

చెవి పక్కన చల్లగా... ఊపిరి.

"యాడ కట్టినావు?"

దిగి ఉరకచ్చు. ఏడాదిగా ఉరుకుతానే ఉండా. ఇంగ ఉరకను.

"కంబీకి కట్టినా అన్నా!" గట్టిగానే అరిసినా. "నీకు అబద్ధం చెప్పినా!"

సద్దు ఆగింది.

కింద అంగడంతా నా పక్కే చూస్తాంది.

"ఎవరితోరా మాట్లాడేది?" సావుకారి అడిగినాడు.

"బయ్యన్నతో."

"ఏమప్పా, ఎండదెబ్బ తగిలిందా? బిరీన కట్టి దిగు. సాయంత్రానికి పలకలు మూయల్ల."

దిగినా. టైల కట్ట ఆయన గల్లాపెట్టె మీద ఇసిరేసినా. "పద్మజక్కా, ల్యాయ్. ఆ పలకల కింద కూర్చోవద్దు. అన్న తాగలే. పోయినేడు కంబీలకు కట్టింది నేను. కట్టమనింది ఈయప్ప."

"నోరు ముయ్యిరా! పోలీసులొస్తే ముందు లోపలికి పోయేది నువ్వే!"

"పోతా. నువ్వూ రా సావుకారీ. బండి నాదే, ఎనక కూర్చో."

అక్క ఆయన పక్క చూడలే. నన్నే చూసింది. "ఏడాది పొద్దు అక్కా అక్కా అంటా తిరిగితివి కదరా ఓబిలేషూ..."

అక్క చీర మడత పెట్టకుండానే లేచింది. నా చేతిలో సెల్లు గుంజుకోని నిచ్చెనెక్కింది. సావుకారి వద్దంటానే ఉండాడు. నేనూ ఎనకే ఎక్కినా.

టైలన్నీ తెగినాయి. కేబుల్ మాత్రం పడలే. స్లాబ్‌కు ఒక కొత్త హుక్కు. మేము ఎవరం డ్రిల్లే ముట్టలే. ఆ హుక్కుకు ఎర్ర పట్టుదారంతో కట్టుండాది.

అక్క ముడిని ముట్టి చెయ్యి ఎనక్కి తీసుకునింది.

"ఆయన ముడే..." గుసగుసగా అనింది. "తడిగా ఉండాదిరా."

ఆ పొద్దే స్టేషన్లో అంతా రాసిచ్చినా. నాకేమైనా కానీ. సావుకారి మాత్రం ఇంగా ఏమీ ఒప్పుకోలే. నాలుగు దినాలాయ. ఈ ఎండకు బకెట్ నీళ్లు పోసినా గడియలో ఆరిపోతాయి. నిన్న పోలీసులతో పోయి మళ్లీ చూసినా.

ముడి ఇంకా తడిగానే ఉండాది.

పక్కన ఇంగో హుక్కు. దానికి ఇంగో ఎర్ర దారం, ముడి లేకుండా ఏలాడతాంది... సరిగ్గా సావుకారి గల్లాపెట్టె మీదికి.