చెరపకుండా ఉంచిన ఆట

తిరువళ్ళూరు స్టేషన్ రోడ్డులో గుణ కొట్టు బాగా ఇరుకు. శనివారం పొద్దున నేనూ నా మనవరాలు ధాత్రీ అక్కడ రెండు స్టూళ్ళ మీద కూర్చుని మూడు గంటలు వాదించుకున్నాం. విడి భాగాలు ఎంచి, ఆటలాడే కంప్యూటరు ఒకటి సొంతంగా బిగించుకోవాలని ధాత్రి పట్టు. వచ్చే వారం చెన్నైలో ఒక కంప్యూటరు ఆటల జట్టుకు ఆటగాళ్ళను ఎంచుతారట. ఇంట్లో ఉన్న పాత డబ్బాతో సాధన కుదరదంది. నాకు ఉన్నది ఒక్కతే మనవరాలు. కాదనలేకపోయాను. కానీ భాగాలు నేను చూడందే కొననన్నాను.

నలభై ఏళ్ళు మగ్గం నేసినవాణ్ణి. అచ్చుకు, అదే మగ్గం దువ్వెనకు, ఎన్ని పోగులు పడతాయో చూడకుండా ఎవడూ పడుగు, నిలువు నూలు, కొనడు. కంప్యూటరు సంగతీ అంతేనని అక్కడ తెలిసింది. ఒక ప్రాసెసరు ఒక బోర్డులో కూర్చుంటుంది, పక్క బోర్డులో కూర్చోదు. ర్యామ్ పట్టీకి అడుగున ఒక గాటు ఉంటుంది. అది వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా దిగదు. అన్నీ దిగినా, పవర్ సప్లై చాలకపోతే అంతా వృథా.

గుణ ఒక గ్రాఫిక్స్ కార్డు చూపించాడు. నేను జేబులోంచి టేపు తీసి కొలిచాను.

"ముప్పైమూడు సెంటీమీటర్లు. నువ్వు చూపించిన క్యాబినెట్టులో ముప్పైఒకటే పడతాది. మిగిలింది యాడ పెడతావు, నీ నెత్తి మీదా?"

"తాతా, నువ్వు పక్కన కొట్టు పెడితే నేను టీ అమ్ముకోవాల్సిందే" అని గుణ నవ్వాడు. ఇంకో క్యాబినెట్టు తెచ్చాడు. అందులో సరిగ్గా సరిపోయింది.

కార్డు కొత్తది కాదు. కొత్తది రావాలంటే నెల పడుతుందట. "పాండూరులో నివేద అని ఒక అమ్మాయిది. ఆ మెషిను నేనే కట్టిచ్చినాను. దాంట్లో ఫైళ్ళు దాచే ఎస్ఎస్‌డీ కూడా తీసుకోండి. రెండూ మీ బోర్డుకు సెట్ అవుతాయి."

"ఆ పిల్ల ఎందుకు వద్దనింది?"

గుణ గొంతు తగ్గించాడు. "పోయింది తాతా. ఆడతా ఆడతానే. వాళ్ళమ్మ సుందరవల్లి అక్క తెచ్చి ఇచ్చేసింది."

ధాత్రి నా వైపు చూసింది. చచ్చినవాళ్ళ మగ్గం మీద బతికినవాళ్ళు నేయరా? తీసుకోమన్నాను.

"మొదట ఎస్ఎస్‌డీ చెరిపేయండి. మరవద్దు" అన్నాడు గుణ, డబ్బా కడుతూ.

"నువ్వే చెరపొచ్చు కదా?"

గుణ టేపు అంటించడంలో మునిగిపోయినట్టు నటించాడు.

రైల్లో మా ఊరు తిరుత్తణి చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. సాయంత్రం ధాత్రి చెబుతుంటే నేనే మరలు బిగించాను. చూయింగ్ గమ్ పట్టీ అంత ఉన్న ఆ ఎస్ఎస్‌డీని కూడా నా చేతులతోనే దాని గాడిలో పెట్టాను. మీట నొక్కగానే ఫ్యాన్లు తిరిగాయి. మేము ఏమీ నొక్కకముందే తెర మీద ఒక అడవి కనిపించింది. అంచున ఒక పిల్ల, మాకు వీపు పెట్టి నిలబడి ఉంది. మూలన పేరు: నివేద. పక్కన, ఆట ముగిసింది తొంభై ఒక్క శాతం.

"చెరిపేస్తాను" అంది ధాత్రి.

"ఆగు."

మా నేతగాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఒకరు నేస్తూ నేస్తూ పోతే, ఆ మగ్గం తీసుకున్నవాడు మిగిలిన పడుగును కోసి పారేయడు. నేసి ముగిస్తాడు. ఆ గుడ్డ ఆ ఇంటికి ఇచ్చి, తరవాతే తన పని మొదలుపెడతాడు. అదే చెప్పాను.

"తాతా, ఇది పడుగు కాదు, ఫైలు!"

"ఏదైతేనేమి? తొమ్మిది శాతమే కదా. ఆడి ముగించు, తరవాత చెరుపు."

"నీ మొండితనం చూస్తే మురుగన్ కూడా కొండ దిగి పారిపోతాడు" అని గొణిగింది. కానీ నా మాట విన్నది.

ఆ మాట నేను చెప్పకుండా ఉంటే బాగుండేది.

మర్నాడు ఆదివారం. నా కూతురు చంద్రావతి, అదే ధాత్రి తల్లి, కొండ కింద చీరల కొట్టుకు పనికి వెళ్ళింది. భోజనాలయ్యేసరికి మబ్బు దట్టంగా కమ్ముకుంది. మధ్యాహ్నం మూడింటికే ఇంట్లో దీపం కావాల్సి వచ్చింది. రేకుల మీద వాన. ఫ్యాన్ల సన్నని రొద. మీటల చప్పుడు. ధాత్రి వెనక నేల మీద కూర్చుని నేను కండెలు చుట్టుకుంటున్నాను.

మొదట వాసన వచ్చింది. సీకాయతో రుద్దుకున్న తడి జుట్టు వాసన. ధాత్రి ఆ రోజు తలంటుకోలేదు. లేచి ఆమె జడ ముట్టుకుని చూశాను. పొడిగా ఉంది.

"ఎంతయింది?"

"తొంభై అయిదు" అంది, తిరక్కుండా.

కాసేపటికి ధాత్రి ఎడమ భుజం పైకెత్తి మెడ విరుచుకుంది. తెర మీది పిల్ల కూడా ఎడమ భుజం ఎత్తి మెడ విరుచుకుంది. ఆటల్లో ఇలాంటివి ఉంటాయేమో అనుకున్నాను. ధాత్రి చెంప మీద దోమ వాలింది. తెర మీది పిల్ల చెయ్యి ఎత్తి తన చెంప కొట్టుకుంది. ధాత్రి కదల్లేదు. దోమ అలాగే ఉంది.

"ధాత్రీ."

ఆమె వేళ్ళు మీటల మీద ఆడుతూనే ఉన్నాయి.

"ధాత్రీ, చాలు. లెయ్యి."

"ఆపనీదు తాతా..." పెదవులు కదలకుండా గుసగుసలాడింది. "కొంచెమే ఉందంటోంది..."

"ఎవరు?"

తెర మీద తొంభై ఎనిమిది.

అప్పుడు నాకు తట్టింది. కొత్త పడుగును మగ్గానికి ఎక్కించేటప్పుడు అచ్చు అతుకుతాం. పాత పోగు కొసా కొత్త పోగు కొసా కలిపి, వేళ్ళకు బూడిద రాసుకుని మెలిపెడతాం. ముడి ఉండదు. ఎక్కడ ఒకటి ముగిసి ఇంకొకటి మొదలయిందో కంటికి తెలియదు. తరవాత ముందున్న పాత పోగును లాగుతాం. దాని వెంటే కొత్తది, అచ్చు పళ్ళ సందుల్లోంచి, అటు వైపుకు పోతుంది.

పాతదే కొత్తదాన్ని లాక్కుపోతుంది.

ప్లగ్గు పట్టి పీకాను. తెర నల్లబడింది. దీపం వెలుగుతూనే ఉంది. కానీ ఫ్యాన్లు... ఆగలేదు. ధాత్రి వేళ్ళు ఆగలేదు. టక్. టక్. టక్. నల్లటి తెరలో ఆమె ముఖం నీడ కనిపించాలి. ఒక తల వెనక భాగం కనిపించింది. తడి జుట్టు.

క్యాబినెట్టు పక్క అద్దం ఊడలాగాను. ఎస్ఎస్‌డీ మర తిప్పుతుంటే వేళ్ళు కాలాయి. జారింది. మళ్ళీ తిప్పాను. తెర మీద, కరెంటు లేని ఆ తెర మీద, మూలన తొంభై తొమ్మిది మెరిసింది. తల మెల్లగా మా వైపు తిరుగుతోంది... పట్టీని గోళ్ళతో పట్టి లాగేశాను.

అంతా ఆగింది. వాన ఒక్కటే.

ధాత్రి నా మెడ పట్టుకుని ఏడ్చింది. "తాతా, చలేస్తోంది" అంది. దుప్పటి కప్పి ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. తొంభై తొమ్మిది దగ్గరే ఆపగలిగానని దేవుడికి దండం పెట్టుకున్నాను. రాత్రి చారన్నం కడుపునిండా తిన్నది. నన్ను వెక్కిరించింది కూడా.

సోమవారం ఆ పట్టీని సుందరవల్లికి ఇచ్చేయడానికి పాండూరు బయలుదేరాను. ధాత్రి తానూ వస్తానంది. మేము ఎప్పుడూ ఆ ఊరు చూసినవాళ్ళం కాదు. గుణకు ఫోను చేసి ఇల్లు కనుక్కున్నాను.

సుందరవల్లి తలుపు తీసింది. బక్కపలచని మనిషి. లోపల కిటికీలన్నీ మూసి, చీకటిగా ఉంది.

"అమ్మా, తిరుత్తణి నుంచి వచ్చినాం. గుణ అంగడిలో..." అని మొదలుపెట్టాను.

ధాత్రి మా ఇద్దరి మధ్య నుంచి లోపలికి నడిచింది. చీకట్లో తడుముకోలేదు. హాలు దాటి, చివరి గదిలోకి వెళ్ళి, బీరువా వెనక ఉన్న సందులో చెయ్యి పెట్టి స్విచ్చు వేసింది. లైటు వెలిగింది.

సుందరవల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అయ్యా," అంది గుసగుసగా, "నివేద పోయినాక ఆ గదికి కరెంటు తీసేయించి రెండేళ్ళయింది."

లోపల ధాత్రి తలుపు మూసి గడియ పెట్టుకున్న చప్పుడు వినిపించింది.