పడమరగా ఏడు బారలు

పొద్దుగూకాక గువ్వలలంకలో నిలువుబావి వైపు ఎవరూ వెళ్లరు. తప్పనిసరై వెళ్లాల్సివచ్చినా ఏటి అంచు పట్టుకుని చుట్టు తిరిగి పోతారు.

అది బావే, కానీ నేలలో ఉండదు. ఎనభై ఆరు వరదకి గోదావరి ఊరినీ, ఊరి కింది మట్టినీ కోసుకుపోతే ఇటుకల బావి ఒక్కటే పొగగొట్టంలా నిలబడిపోయింది. ఏళ్లు గడిచాక ఆ ఏరే మళ్లీ మేట వేసి లంకని తిరిగి ఇచ్చింది. ఊరివాళ్లు అప్పటికే అవతల ఏటిగట్టు మీద పాకలేసుకుని ఉండిపోయారు. బావికి ఒక పక్క ఇటుకలు రాలి, మనిషి వంగి దూరేంత కంత ఉంది; లోపలంతా ఇసుక నిండిపోయింది. రాత్రిళ్లు ఆ కంతలోంచి ఆడగొంతు పలుకుతుందట... దారినపోయేవాణ్ని ఏదో అడుగుతుందట... జవాబు చెప్పినవాడు మళ్లీ మామూలు మనిషి కాడట.

ఈ దెయ్యం పేరు బావికి తెచ్చిపెట్టింది నాగేంద్రబాబు. అమలాపురంలో మూడంతస్తుల మేడ, వేలికో ఉంగరం, హాల్లో నిలువెత్తున తాతగారి పటం — జరీ తలపాగాతో. ఆ తలపాగా బొమ్మ గీసినవాడు పెట్టిందే తప్ప తాతగారు ఎన్నడూ పెట్టింది కాదు. "లంక మా తాతగారిదండి. అక్కడ ఊరన్నదే లేదు" అని కాగితాలు చూపించి, చుట్టూ ముళ్లకంచె వేయించి, లోవరాజుని కాపలా పెట్టాడు. కంచె చాలదని, ఆ లోవరాజు చేతే టీకొట్లలో దెయ్యం కథ చెప్పించాడు. కథ ఎంత బాగా అతికిందంటే, పొద్దుగూకేసరికి లోవరాజే ఏరు దాటి ఇంటికి పోయేవాడు.

ఈ ఏడు సర్వే వచ్చింది. సర్వేయరు ప్రసన్నకుమారి గట్టు మీదివాళ్లకి ఒకటే మాట చెప్పింది. "మీ కాగితాలు వరదలో పోయాయన్నారు, సరే. బావి నుంచి కొలుచుకుంటూ ఏ ఇల్లు ఎక్కడుండేదో చెప్పండి. తవ్విస్తాను. ఆనవాలు దొరికితే భూమి ఇరవైరెండు కుటుంబాలకీ. లేదంటే లంక బాబుగారిది."

నాగేంద్రబాబు నవ్వుకున్నాడు. ఆ కొలతలు తెలిసిన మనిషి ఎవరున్నారు గనక, ముసలి రాహేలు తప్ప? ఆవిడకి పొద్దున్న తిన్నది సాయంత్రానికి గుర్తుండదు.

అయినా అతనికి నిద్ర పట్టలేదు. పాచిపట్టిన పాత హద్దురాళ్లు నాలుగు ఎక్కణ్నుంచో తెప్పించాడు. సర్వే ముందురోజు రాత్రి వాటిని పాతేయమంటే కూలీలు ఒక్కరూ కదల్లేదు.

"దెయ్యం ఉందండి బాబుగారూ."

"దెయ్యం లేదు, గియ్యం లేదు. దాన్ని పుట్టించింది నేనురా."

"ఆయ్. పుట్టిందిగదండీ మరి" అన్నాడు లోవరాజు.

చివరికి బాబుగారే బయల్దేరాడు. ఎండాకాలం, ఏరు మోకాటి లోతు. లుంగీ ఎగ్గట్టి, భుజాన ఒక రాయి, చేతిలో గునపం. జన్మలో మొదటిసారి పని చేస్తున్నాడేమో, బావి దగ్గరికి చేరేసరికి పొట్ట ఎగిరెగిరి పడుతోంది. చంద్రుడు లేడు. గునపం ఒక్క పోటు వేశాడు... రెండో పోటు...

"బావికి తూర్పు... పన్నెండు బారలు... ఏసుదాసు ఇల్లు..."

గునపం చేతిలోంచి జారింది.

కంతలోంచే. ఆడగొంతు. సన్నగా, తడబడుతూ...

"ఏసుదాసు ఇంటికి ఉత్తరం... తొమ్మిది బారలు... ప్రార్థన పాక..."

వెనక్కి అడుగేయబోయి, తను తెచ్చిన రాయికే తట్టుకుని చతికిలబడ్డాడు.

"ప్రార్థన పాకకి పడమర... ఏడు బారలు..."

ఆగిపోయింది.

"ఏడు బారలు... ఎవరిదీ?... చెప్పూ... ఎవరిదీ?"

అతనికి తెలుసు. అతని నాయనమ్మ ఆఖరి రోజుల్లో ఇదే పలవరించేది. పడమరగా ఏడు బారలు, మన పాక, గుమ్మంలో కుడితిగోలెం అని. చుట్టాలు వస్తే ఆవిడ గది తలుపు మూసేసేవారు. తాత సత్తెయ్య ఎవరివో రెండు గేదెలు తోలుకుంటూ లంకకి వస్తే, ఊరివాళ్లు జాలిపడి పాక వేసుకోడానికి చోటిచ్చారు. పటంలోని తలపాగా కింద ఉన్నది ఆ సత్తెయ్యే.

"చెప్పూ..."

"సత్తెయ్య పాకండి" అన్నాడు నాగేంద్రబాబు. "మా తాతండి... గుమ్మంలో కుడితిగోలెం..."

లోపల పెద్ద నిట్టూర్పు.

"ఆఁ... అదే..."

అంతే. ఎలా పరిగెత్తాడో అతనికే తెలీదు. సగం లుంగీ తన ముళ్లకంచెకే వదిలేసి పోయాడు.

తెల్లవారింది. రాహేలుని కొడుకు వరప్రసాదం కుర్చీతో సహా తెచ్చి బావి పక్కన దించాడు. జనమంతా చేరారు. నాగేంద్రబాబు ఇస్త్రీ చొక్కాలో వచ్చి నిలబడ్డాడు, నవ్వు మొహంతో.

రాహేలు కళ్లు మూసుకుంది. "బావికి తూర్పు... పన్నెండు బారలు... ఏసుదాసు ఇల్లు..."

అతని నవ్వు ఆరిపోయింది.

"...ప్రార్థన పాకకి పడమర... ఏడు బారలు..."

ఆగిపోయింది. ప్రసన్నకుమారి పెన్ను ఆగింది. ఒకటి తప్పితే తర్వాతివన్నీ తప్పుతాయి — ప్రతి ఇంటి కొలతా ముందరి ఇంటి నుంచే మరి.

"గుర్తు తెచ్చుకోమ్మా" అన్నాడు వరప్రసాదం మెల్లిగా.

ముసలామె పెదాలు కదిలాయి. "ఎవరిదీ?... చెప్పూ... ఎవరిదీ?"

"సత్తెయ్య పాకండి. గుమ్మంలో కుడితిగోలెం."

అందరి తలలూ ఒక్కసారి తిరిగాయి. అన్నది నాగేంద్రబాబు. చేత్తో నోరు మూసుకున్నాడు గానీ, మాట బయటికి వచ్చేసింది.

"ఇక్కడ ఊరే లేదన్నారు కదండీ" అంది ప్రసన్నకుమారి.

తవ్వారు. నడుంలోతున రాతిగోలెం బయటపడింది; ఆ బరువుని ఏరు కదిలించలేకపోయింది. ఒక అంచు విరిగింది, అంతే.

రాహేలు దాన్ని చూసి తలూపింది. "మర్చిపోతానేమోనని రాత్రి బావిలో కూర్చుని వల్లించుకున్నానండి. పగలు రానివ్వరు కదా. మావాడు నన్ను దిగబెట్టి వలలు చూసుకోడానికెళ్లేడు. సరిగ్గా ఇక్కడే అడ్డంపడింది. బయట్నించి ఎవరో అందించేరు. 'ఆఁ... అదే' అనేసేక తట్టిందండి, అక్కడ నేను తప్ప ఎవరూ లేరని. దెయ్యమనుకుని, మావాడొచ్చి పిలిచేదాకా ప్రార్థన చేసుకుంటా కంతలోంచి బయటికి రాలేదు."

ఆవిడ నాగేంద్రబాబు వైపు చూసింది. "ఆ గొంతు ఇదేనండి."

తర్వాత కొన్నాళ్లకి, పని మానేసిన లోవరాజుని టీకొట్లో ఎవరో అడిగారు. "ఇంతకీ నిలువుబావి దగ్గర దెయ్యం ఉన్నట్టా, లేనట్టా?"

లోవరాజు గ్లాసులో ఆఖరి గుక్క తాగాడు.

"ఆయ్, ఉందండి. ఆరేళ్లు నాకు జీతమిచ్చింది అదేనండి."