స్కోర్వా మడుగులో పన్నెండోది

అక్టోబరు మూడోవారం వచ్చిందంటే స్కోర్వా నదిలో చేపల లెక్క మొదలవుతుంది. లెక్కపెట్టేది గూరో. మందపాటి రబ్బరు సూటు తొడుక్కుని, నోట్లో ఊపిరి గొట్టం పెట్టుకుని, బోర్లా తేలుతూ ప్రవాహం వెంట కిందికి కొట్టుకుపోవాలి. కంటబడిన ప్రతి సాల్మన్ చేపనీ గుర్తుపెట్టుకోవాలి. ఆమెకు సమంగా ఒడ్డు వెంట మేనమామ సిగ్వె నడుస్తాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. చేతిలో పుస్తకం, భుజాన సంచి, మొలలో చిన్న కత్తి. ఆమె తల ఎత్తి అంకె చెబితే రాసుకుంటాడు.

ఒకప్పుడు గుడ్లు పెట్టడానికి ఆ నదిలోకి మూడువందల పైచిలుకు చేపలు సముద్రం నుంచి ఎక్కివచ్చేవి. ఆ రోజు పై మలుపు నుంచి చెక్కవంతెన దాకా గూరోకి కనిపించినవి ముప్పై ఎనిమిది.

"అంతేనా?" అన్నాడు సిగ్వె.

"అంతే మామయ్యా. రాళ్ళ సందుల్లో కూడా వెతికాను."

"ఈత కళ్ళద్దాలు తుడుచుకునే చూశావా?"

"నువ్వే దిగి చూడరాదూ? నీ పొట్టకి సరిపోయే సూటు దొరకదు గానీ."

మామూలుగా అయితే ఈ మాటకి ఇంకో మాట వేసేవాడు. ఆగస్టు నుంచి ఆయన ఎవరి మాటకీ నవ్వడం లేదు.

ఆగస్టులో పెద్ద గాలివాన వచ్చి, నది సముద్రంలో కలిసేచోట ఉన్న చేపల ఫారం వల చిరిగిపోయింది. పెంపుడు చేపలు వేలకు వేలు బయటపడ్డాయి. ఇప్పుడవి నది ఎక్కుతున్నాయి. నది చేపలు గులకరాళ్ళ కింద దాచుకున్న గుడ్లను తవ్వి పారేసి, ఆ గుంటల్లోనే తమవి పెడతాయి. రెండూ కలిస్తే పుట్టే పిల్లలకి సముద్రానికి పోయి తిరిగొచ్చే సత్తా ఉండదు. ఇలాగే వదిలేస్తే కొన్నేళ్ళకి స్కోర్వాకి సొంత చేప అనేదే మిగలదు. అందుకే గూరో చేతికి ఈటె తుపాకి ఇచ్చారు. పెంపుడు చేప కనబడితే చంపాలి.

ఆ గాలివానలోనే, ఫారంలో చచ్చిన చేపలు ఏరడానికి వలలోకి దిగిన ఈతగాడు ఒకడు పైకి రాలేదు. అతని పేరు ఐలేవ్. సిగ్వెకి ఒక్కగానొక్క కొడుకు. కొడుకు ఫారంలో చేరిన రోజు నుంచి సిగ్వె అతనితో మాట్లాడటం మానేశాడు. "మా వాడు నదిని చంపేవాళ్ళ దగ్గర శవాలు ఏరుతున్నాడు" అని నలుగురిలో అనేవాడు. ఆ మాట ఐలేవ్ చెవిన కూడా పడింది. శవం దొరకలేదు.

చెక్కవంతెన దాటాక చివరి మడుగు ఒకటే మిగిలింది. వాళ్ళు అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. కొండ మీద నుంచి పొగమంచు దిగి, అవతలి ఒడ్డున ఉన్న చెట్లను ఒక్కొక్కటిగా మింగేసింది. ఇద్దరూ ఒక రాయి మీద కూర్చుని జున్ను పెట్టిన రొట్టె తినబోయారు. అప్పుడే వాసన కొట్టింది.

గూరోకి ఆ వాసన తెలుసు. ఫారంలో చచ్చిన చేపల్ని తుక్కుచేసి, ఆమ్లం పోసి పెద్ద తొట్టిలో ఊరబెడతారు. పులిసిపోయి, ముక్కులో మంటపెట్టే కుళ్ళు కంపు. ఐలేవ్ తమ ఇంటికి వచ్చినప్పుడల్లా కోటు గుమ్మం బయటే విప్పేసేవాడు. అయినా ఆ వాసన అతని జుట్టులోంచి వచ్చేది. ఆమె రొట్టె సంచిలో పెట్టేసింది.

"పొద్దుటికి వాయిదా వేద్దామా?" అంది.

"పొద్దుటికి అవి గుంటలు తవ్వేస్తాయి. కానివ్వు. ఒక్కటి కూడా మిగలకూడదు."

మడుగులో నీళ్ళు నూనె తేలినట్టు జిడ్డుగా ఉన్నాయి. అడుగున గుంపుగా నిలబడి ఉన్నాయి పెంపుడు చేపలు. ఇరుకు వలల్లో ఒరుసుకుని వాటి రెక్కలు మొండి గోళ్ళలా అరిగిపోయాయి. ఒంటినిండా చేపల్ని పట్టి తినే గోధుమరంగు పేలు. కొన్నింటికి తలమీద చర్మం మొత్తం పేలు తినేయగా, తెల్లటి పుర్రె బయటపడింది. ఆ పుర్రె చుట్టూ తడిసిన దూదిలా బూజు. అయినా బతికే ఉన్నాయి. తెరిచిన నోళ్ళతో నీళ్ళు మింగుతూ ఉన్నాయి.

ఆమె ఒక్కొక్కదాన్నే కొట్టి ఒడ్డుకి విసిరింది. సిగ్వె ఒక్కోదాని పక్కనుంచి కత్తితో నాలుగు పొలుసులు గీకి, చిన్న కాగితపు కవర్లో వేసి, పైన వివరాలు రాశాడు. అవి ప్రయోగశాలకి పోవాలి. చేప మెత్తబడిపోయి కత్తి కింద జావలా జారుతోంది. గూరో చేతితొడుగుల మీదికి పేలు పాకాయి. దులిపితే పోలేదు. గోకితే చితికి, పసుపు రసం కారింది.

పదకొండు అయ్యాయి.

పన్నెండోది నీళ్ళలో కూలిన చెట్టు వెనక ఉంది.

పాలిపోయిన వీపు. పొడుగ్గా. తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి, మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది. ఇంత పెద్ద చేపా అనుకుంది గూరో. గురిచూసి కొట్టింది.

ఈటె దిగింది. అది కొట్టుకోలేదు.

ఈటెకు కట్టిన తాడు బిగిసింది. వదులైంది. తర్వాత ఎవరో తాడుని లాగారు... ఒకసారి. ఆగి, ఇంకోసారి. చేప అలా లాగదు. అడుగున ఉన్న ఈతగాడు పైవాళ్ళని పిలవడానికి లాగినట్టుంది.

గూరో పంటి బిగువున తాడు లాగింది. బరువు. ఇంకా బరువు... అది వెల్లకిలా తిరిగింది.

ముఖం ఉండవలసినచోట పేలు. ఒకదానిమీద ఒకటి, చెట్టు బెరడులా పేరుకుపోయి. అవి కదిలాయి. పక్కకి జరిగాయి. లోపల కన్ను ఉంది. ఆ కన్ను ఆమెను చూడలేదు. ఒడ్డువైపు చూస్తోంది. కింద నోరు తెరుచుకుంది, మూసుకుంది. తెరుచుకుంది, మూసుకుంది...

ఆమె అరిచిన అరుపు గొట్టంలోనే ఉండిపోయింది. గొట్టంలోకి నీళ్ళు ఎక్కాయి. నోటినిండా అదే పులుపు, అదే కుళ్ళు, నాలుక మీద ఏదో మెత్తటి పొర. తాడు ఒక్కసారిగా తేలికైపోయింది.

తాడునీ ఈటెనీ ఈడ్చుకుంటూ ఒడ్డుకి పాకింది. తల ఎత్తేసరికి సిగ్వె ఈటెను చేతిలో పట్టుకుని దాని మొన వంక చూస్తున్నాడు. మొనకు బూడిదరంగు పీలిక ఒకటి వేలాడుతోంది.

"ఎన్ని?" గుసగుసగా అడిగాడు.

"పదకొండు..."

"మరి ఇది?"

"చేప కాదు మామయ్యా. పోదాం పద. నీకు దణ్ణం పెడతాను."

"తల ఎటు పెట్టి ఉంది?"

"ఎదురుగా... పైకి."

సిగ్వె నది వంక తిరిగాడు. "అయితే ఎక్కివచ్చాడన్నమాట" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. ఆమెకు వీపు పెట్టి కూర్చుని, ఇంకో కవరు తీసి, మొన నుంచి చిటికెతో తీసినదేదో అందులో వేసి, పైన ఏదో రాశాడు. ఈటె మొనను నదిలో ముంచి, వేళ్ళతో నెమ్మదిగా, పసివాడి మూతి తుడిచినట్టు కడిగాడు. గూరో చూడలేక తల తిప్పుకుంది.

ఆ ఏడు ఆ మడుగు దగ్గరికి ఆమె మళ్ళీ వెళ్ళలేదు. ఎన్నిసార్లు పళ్ళు తోముకున్నా నాలుక మీద ఆ పొర పోయినట్టు అనిపించలేదు. చేప ముట్టడం మానేసింది. సిగ్వెని ఆ సంగతి అడగాలని రెండుసార్లు ఇంటిదాకా వెళ్ళి, తలుపు తట్టకుండానే వెనక్కి వచ్చింది.

నవంబరు నెలాఖరున, ఒక మధ్యాహ్నం ప్రయోగశాల నుంచి సోల్‌ఫ్రి ఫోన్ చేసింది. పొలుసులు చూసి ఏ చేప ఎక్కడ పెరిగిందో చెప్పేది ఆమే.

"పదకొండూ పెంపుడువే గూరో. పన్నెండో కవరు మీద మీ మామయ్య రాత ఉంది. 'నది చేప. తిరిగి నీళ్ళలోకి వదిలాం' అని రాశాడు."

గూరో ఫోన్‌ని చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

"లోపల పొలుసులు లేవు. గోరు ఉంది. మనిషి బొటనవేలి గోరు. ఎవరో ఆకతాయి పని అనుకుని, కొలిచి, కవర్లో పెట్టేసి సొరుగులో పడేశాను. తొమ్మిది మిల్లీమీటర్లు ఉంది అప్పుడు."

"అప్పుడు అంటే?"

"మూడు వారాల కిందట. ఇవాళ కవరు తడిసిపోయి ఉంటే తెరిచాను. పదమూడు ఉంది." సోల్‌ఫ్రి గొంతు తగ్గించింది. "వెనకవైపు చర్మం పుట్టుకొస్తోంది గూరో. ముట్టుకుంటే... వెచ్చగా ఉంది."